ఉగ్రవాదుల కోసం పెట్టిన ప్రశ్నలు మా అమ్మాయిని ఎందుకు అడుగుతున్నారు?

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరులో కెమికల్ ఇంజనీరింగ్ ముగించిన మీ అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్. సీటు వచ్చింది. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా కోసం డీఎస్-160 అనే దరఖాస్తు ఫారం నింపుతుంటే తెగ పేరు, పేలుడు పదార్థాల అనుభవం, గూఢచర్యం గురించిన ప్రశ్నలు ఎదురయ్యాయి. సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న ఆదేశం కూడా చూశారు. ఈ నిబంధనలు ఉగ్రవాదుల కోసం, వేరే దేశాల వాళ్ల కోసం పెట్టినవి కదా, మనకెందుకు అని అడిగారు. ఇదంతా ట్రంప్ వచ్చాకే మొదలైందా, కొన్నాళ్లకు సర్దుకుంటుందా అనీ అడిగారు.

నేను అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను. విద్యార్థిని చేర్చుకున్నట్టు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రాల మీద సంతకం పెట్టడం, విద్యార్థుల వివరాలను ప్రభుత్వ డేటాబేసులో నమోదు చేయడం నా ఉద్యోగం, న్యాయవాదిని కాను. మీ మూడు ప్రశ్నల వెనకా ఉన్న ఊహ ఒక్కటే: ఒక నిబంధన ఎవరిని చూసి భయపడి పెట్టారో వారికే వర్తిస్తుందని, ఆ భయం తీరాక అది కూడా పోతుందని. నేను చూసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. భయం ఒక సంఘటనతో పుడుతుంది, కొన్నేళ్లకు చల్లారుతుంది. దానికోసం కట్టిన వ్యవస్థ మాత్రం అలాగే నిలిచిపోయి, మొదట ఎవరూ అనుకోని మనుషుల మీద, మొదట ఎవరూ అనుకోని పనులకు ప్రయోగమవుతుంది.

మీ అమ్మాయి ఫారంలో ఉన్న ఆ వింత ప్రశ్నలనే తీసుకుందాం. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన కొద్ది నెలలకే అమెరికా విదేశాంగ శాఖ డీఎస్-157 అనే అదనపు ఫారాన్ని తెచ్చి, 16 నుంచి 45 ఏళ్ల వయసున్న పురుష దరఖాస్తుదారులందరూ దాన్ని నింపాలన్నది. తెగ పేరేమిటి, సైన్యంలో పనిచేశారా, ఆయుధాలు, పేలుడు పదార్థాలు, అణు, జీవ, రసాయన రంగాల్లో ప్రత్యేక నైపుణ్యం ఉందా అన్నవి అందులోని ప్రశ్నలు. అప్పటి భయం ఎవరి గురించో ఆ వయోపరిమితిని చూస్తేనే తెలుస్తుంది. 2010 ప్రాంతంలో పాత కాగితపు ఫారాలను కలిపి ఆన్‌లైన్ డీఎస్-160 చేసినప్పుడు ఈ ప్రశ్నలూ అందులో చేరాయి, కానీ పురుషులు, 16 నుంచి 45 ఏళ్లు అన్న హద్దు చెరిగిపోయింది. ఆ విధంగా అఫ్గానిస్తాన్, అరబ్బు దేశాల యువకులను దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రశ్న గుంటూరు అమ్మాయి ముందుకు వచ్చింది. (తెగ అన్నచోట కులం రాయాలా అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. అక్కర్లేదు.)

విద్యార్థుల విషయంలో ఈ కథ 2001 కంటే ముందే మొదలైంది. 1993 ఫిబ్రవరిలో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ నేలమాళిగలో బాంబు పేలినప్పుడు, ఆ వ్యాను నడిపినవాడు విద్యార్థి వీసా మీద కాన్సాస్‌లోని విచిటాకు వచ్చి చదువు మధ్యలో మానేసినవాడని తేలింది. విదేశీ విద్యార్థులను ఎలక్ట్రానిక్ పద్ధతిలో కనిపెట్టి ఉండే ఏర్పాటు కావాలని 1996లో కాంగ్రెస్ చట్టం చేసింది. విశ్వవిద్యాలయాలు ఖర్చు గురించి, అదనపు పని గురించి గొణిగాయి. పని నత్తనడకన సాగింది. 2001 దాడులు చేసిన 19 మందిలో విద్యార్థి వీసా మీద వచ్చినవాడు ఒక్కడే, మిగతావారు సందర్శక వీసాల వంటి వాటి మీద వచ్చినవారు. అయినా విద్యార్థి వీసాయే ప్రజల మనసులో దోషిగా నిలబడింది. ఆ అపఖ్యాతిని స్థిరపరచినది ఒక ఉత్తరం. దాడులు జరిగిన ఆరు నెలలకు, 2002 మార్చిలో, ఫ్లోరిడాలోని వెనిస్ అనే ఊళ్లో ఉన్న విమానశిక్షణ పాఠశాలకు ప్రభుత్వ వలస శాఖ నుంచి కాగితాలు వచ్చాయి: ముహమ్మద్ అట్టా, మర్వాన్ అల్ షెహి అనే ఇద్దరి హోదాను విద్యార్థి హోదాగా మార్చడానికి ఆమోదం లభించిందని. ఆ ఇద్దరూ విమానాలతో జంట భవనాలను ఢీకొట్టి చనిపోయినవారే. ఆ తర్వాత ఏ విశ్వవిద్యాలయం నోరెత్తగలదు? 2003 ఆగస్టుకల్లా ప్రతి విదేశీ విద్యార్థి పేరూ సెవిస్ అనే డేటాబేసులోకి ఎక్కింది.

అదే సంవత్సరం మార్చి 1న మరో పెద్ద మార్పు జరిగింది. వలస వ్యవహారాలు చూసే శాఖ ఒకప్పుడు అమెరికా కార్మిక శాఖ కింద ఉండేది. యుద్ధభయం ముదిరిన 1940లో దాన్ని న్యాయశాఖకు మార్చారు. 2003లో దాన్ని రద్దు చేసి, పనులన్నీ కొత్తగా ఏర్పడిన హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు పంచారు. వలసదారుణ్ణి ఒకప్పుడు పనివాడిగా, తర్వాత చట్టానికి లోబడవలసిన వ్యక్తిగా, చివరికి భద్రతా సమస్యగా చూశారన్నమాట. గ్రీన్ కార్డు ఇచ్చే సంస్థ, సరిహద్దు కాపలా సంస్థ, దేశం నుంచి పంపించేసే సంస్థ ఈ రోజు ఒకే మంత్రి కింద పనిచేస్తున్నాయి.

సెవిస్ వల్ల విద్యార్థి జీవితం ఎలా మారిందో మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే మీ అమ్మాయి రోజూ దాని నీడలోనే ఉంటుంది. వీసా ఇంటర్వ్యూకు ముందే 350 డాలర్ల రుసుము కట్టాలి. ఆ నిఘా నిర్వహణ ఖర్చును నిఘాకు చిక్కేవారి నుంచే రాబడతారు. చిరునామా మారితే 10 రోజుల్లో చెప్పాలి. ప్రతి సెమిస్టరులోనూ నిర్ణీత క్రెడిట్లు ఉండాలి. ఒంట్లో బాగాలేక ఒక కోర్సు వదిలేయాలన్నా ముందు మా కార్యాలయం అనుమతి తీసుకోవాలి. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నప్పుడు మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సాంకేతిక రంగాలవారికి ఓపీటీ పొడిగింపు దొరికితే ఆ హద్దు 150 రోజులు. వీటిలో ఏ ఒక్కదానికీ బాంబులతో సంబంధం లేదు. ప్రొఫెసరుతో గొడవపడి కోర్సు మానేసిన కుర్రవాడి రికార్డును "ముగించబడింది" అని మార్చే మీట నా బల్ల మీది కంప్యూటరులో ఉండేది. అతడి నాన్నగారు వరంగల్ నుంచి ఫోను చేసి "మీరు మాష్టారు కదా, ఒక్క వారం ఆగలేరా" అని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది విద్యార్థులకు సలహా ఇవ్వడానికి, కానీ చట్టం నన్ను సగం పోలీసును చేసింది.

తెలుగువారికి ఈ వ్యవస్థ గట్టిగా తగిలిన సందర్భాలు 2011లో, 2019లో వచ్చాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీలో అధికారులు సోదా జరిపారు. పేరుకు చేర్చుకుని, చదువు చెప్పకుండా ఐ-20లు అమ్ముకున్న సంస్థ అది. దాని అధినేత్రికి తర్వాత 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అక్కడ చేరినవారిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరి కాళ్లకు కదలికలు కనిపెట్టే రేడియో పరికరాలు తగిలించారు. 2019 జనవరి చివర్లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం బయటపడింది. ఈసారి మోసపు సంస్థను ప్రభుత్వ అధికారులే నెలకొల్పారు. వెబ్‌సైటు ఉంది, గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో పేరుంది, ఫీజు కట్టించుకున్నారు. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. ఎనిమిది మంది దళారుల మీద నేరాభియోగాలు మోపారు, మొదటి విడతలో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. చదవకుండా పనిచేసుకోవచ్చని తెలిసే చేరినవారు అందులో ఉన్నారు, అది కాదనను. కానీ ఉగ్రవాదులను పట్టుకోవడానికని 2001 దాడుల తర్వాత బిగించిన వల ఇది, అందులో పడినవాళ్లు ఉద్యోగ వీసా హెచ్-1బి లాటరీలో పేరు రాక, ఇంటి మీద చేసిన అప్పు తీర్చడానికి దారి వెతుక్కున్న కుర్రవాళ్లు.

2025 ఏప్రిల్‌లో జరిగింది ఇంతకంటే విచిత్రం. దాదాపు 13 లక్షల విదేశీ విద్యార్థుల పేర్లను నేర సమాచార డేటాబేసుతో పోల్చి చూశారు. సుమారు 6,400 పేర్లు సరిపోలాయి. వేలమంది రికార్డులను సెవిస్‌లో ముగించేశారు. విద్యార్థికి ముందుగా నోటీసు లేదు, విశ్వవిద్యాలయానికి కబురు లేదు. కార్యాలయంలో ఎవరో సిస్టం తెరిచి చూసుకుంటే తప్ప తెలియని పరిస్థితి. కోర్టు కొట్టేసిన పాత కేసులున్నవారు, ట్రాఫిక్ ఉల్లంఘన తప్ప మరే మచ్చా లేనివారు అందులో ఉన్నారు. విద్యార్థులు దేశమంతటా కోర్టులకెక్కారు, న్యాయమూర్తులు వరసగా తాత్కాలిక ఉత్తర్వులిచ్చారు, ఆ నెల 25న ప్రభుత్వం రికార్డులను పునరుద్ధరిస్తామని చెప్పింది. ఈలోగా భయపడి టికెట్టు కొనుక్కుని ఇంటికి వెళ్లిపోయినవారి సంగతి వేరే చెప్పాలా? పేర్ల పట్టిక సిద్ధంగా ఉంది గనుకనే ఇంత తొందరగా ఇంతమందిని చుట్టబెట్టడం సాధ్యమైంది.

ఇక "మనకెందుకు" అన్న ప్రశ్న. 2002 సెప్టెంబరులో ఎన్సీర్స్ అనే ప్రత్యేక నమోదు పథకం మొదలైంది. 25 దేశాల జాబితాలో ఒక్క ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లిములు అధికంగా ఉన్న దేశాలే. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఉన్నాయి, భారత్ లేదు. మనవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. 16 ఏళ్లు నిండిన మగవారు స్వయంగా వచ్చి వేలిముద్రలిచ్చి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. దేశంలోపల 80 వేలకు పైగా మంది అలా వచ్చి నమోదు చేసుకున్నారు. వారిలో 13 వేలకు పైగా మంది మీద దేశం నుంచి పంపించేసే ప్రక్రియ మొదలైంది, ఎక్కువగా గడువు మీరినందుకు, కాగితాలు ఆలస్యమైనందుకు. ఉగ్రవాద నేరం రుజువైనవాడు ఒక్కడూ లేడు. చట్టాన్ని నమ్మి వరసలో నిలబడినవాడు దొరికిపోయాడు, దాక్కున్నవాడు మిగిలాడు. 2011లో ఆ జాబితాను ఖాళీ చేశారు. నిబంధనలను మాత్రం పుస్తకంలో అలాగే ఉంచి 2016 డిసెంబరులో కొట్టేశారు.

ఈ జాబితాల్లో మన దేశం పేరు లేదన్నది వీధిలో కాపాడే విషయం కాదు. 2017 జనవరి 27న ఏడు దేశాలవారి రాకను నిషేధిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఇరాన్ అందులో ఒకటి. నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న, కాన్సాస్‌లోని ఒలేథ్ పట్టణంలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరును ఒకడు "నా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపాడు. తాను కాల్చినది ఇరాన్ వాళ్లనని వాడు తర్వాత చెప్పుకున్నాడు. భర్త ప్రాణంతోపాటు ఆయన భార్య వలస హోదా కూడా పోయింది. అంత్యక్రియలకు స్వదేశం వెళ్లిన ఆమె తిరిగి రావడానికి ఒక కాంగ్రెస్ సభ్యుడు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

కోర్టులు ఇదంతా ఎందుకు ఆపవని మీరు అడగవచ్చు. కొన్నిసార్లు ఆపుతాయి, 2025 ఏప్రిల్‌లో ఆపాయి కూడా. కానీ గుమ్మం బయట ఉన్నవారి విషయంలో అమెరికా సుప్రీంకోర్టు చాలాకాలంగా చేతులు కట్టుకునే ఉంది. చైనీయుల బహిష్కరణ చట్టం మీద 1889లో వచ్చిన తీర్పు, విదేశీయులను రానీయకపోవడం సార్వభౌమాధికారంలో భాగమని, అందులో ప్రభుత్వ నిర్ణయమే చెల్లుతుందని తేల్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన అమెరికా సైనికుణ్ణి పెళ్లాడి వచ్చిన ఎలెన్ నాఫ్ అనే జర్మనీ స్త్రీని న్యూయార్క్ రేవులో వలసదారులను తనిఖీ చేసే ఎలిస్ ద్వీపంలో ఆపేసి, కారణం చెప్పడం దేశభద్రతకు ప్రమాదమన్నారు. 1950లో సుప్రీంకోర్టు దానికి సరే అన్నది. ప్రజల్లో, పత్రికల్లో గొడవ జరిగాక ఆమెకు విచారణ దొరికింది. ఆధారాలు నిలబడక 1951లో లోపలికి రానిచ్చారు. కమ్యూనిస్టు భయం నడుస్తున్న 1952లో చేసిన చట్టంలోని 212(ఎఫ్) సెక్షను, ఎవరి రాక దేశ ప్రయోజనాలకు హాని అనుకుంటే వారి రాకను నిలిపే అధికారం అధ్యక్షుడికి ఇచ్చింది. 2017 నాటి నిషేధపు మూడో రూపాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యతతో నిలబెట్టింది ఈ సెక్షను ఆధారంగానే.

అప్పుడు కూడా మన సంఘాల సమావేశాల్లో ఆ తీర్పు గురించి పెద్దగా చర్చ జరగలేదు. 2025 సెప్టెంబరు 19న విదేశం నుంచి కొత్తగా రప్పించుకునే హెచ్-1బి ఉద్యోగికి లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వెలువడింది. దాని ఆధారం కూడా అదే 212(ఎఫ్). ఆ వీసా దుర్వినియోగం జాతీయ భద్రతకు ముప్పు అని ఆ ప్రకటనలోనే రాశారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే ఉద్యోగాన్ని భద్రత అనే పద్దులో వేయగలిగినప్పుడు, ఆ పద్దులో వేయలేనిదేముంటుంది? ఆ వారాంతంలో, ప్రకటన ఎవరికి వర్తిస్తుందో తెలియక విమానం ఎక్కకుండా వెనక్కి తిరిగినవారు, సెలవు మధ్యలో పరుగెత్తుకొచ్చినవారు చాలామంది. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, వారి కుటుంబీకులకిచ్చే హెచ్-4 వీసాల దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఖాతాల పరిశీలన మొదలయ్యేసరికి, వీసా ముద్ర కోసం స్వదేశం వచ్చినవారి ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. ఉద్యోగం, అద్దె ఇల్లు, పిల్లల బడి అక్కడ, మనిషి ఇక్కడ. తండ్రి కాలం చేసినా వెళ్లడానికి జంకేవారిని నేను ఎరుగుదును, వెళితే తిరిగి రానిస్తారో లేదో అని.

ఇంత చెప్పి, భద్రత అనేది ఒట్టి సాకు అనడం నా ఉద్దేశం కాదు. 2001 దాడులు చేసినవారి వీసా దరఖాస్తుల్లో ఖాళీలు, పొంతనలేని జవాబులు ఉన్నాయి. వాటిని శ్రద్ధగా చూసి ఉంటే కొందరైనా ఆగేవారు. ముఖాముఖి ఇంటర్వ్యూ, వేలిముద్రలు పెట్టడం సబబైన పనులే. నా అభ్యంతరం వేరు. వ్యక్తిని పరిశీలించడం కష్టం, ఖర్చుతో కూడిన పని. సమూహాన్ని జాబితాలో పెట్టడం సులువు, పైగా మర్నాటి పత్రికల్లో కనిపిస్తుంది. 2025 నవంబరు చివర్లో వాషింగ్టన్‌లో ఒక అఫ్గాన్ జాతీయుడు ఇద్దరు నేషనల్ గార్డు సైనికులను కాల్చాడు. అఫ్గాన్ల దరఖాస్తులన్నీ నిలిపివేస్తామని, 19 దేశాలవారి గ్రీన్ కార్డులను తిరిగి పరిశీలిస్తామని మర్నాటికల్లా అధికారులు ప్రకటించారు. కాల్చినవాడి గురించి దర్యాప్తు అప్పటికి మొదలై ఒక్క రోజు కూడా కాలేదు.

కనుక సర్దుకుంటుందా అన్న మీ ప్రశ్నకు నా జవాబు: ప్రభుత్వం మారితే అమలు మెత్తబడవచ్చు, ప్రశ్నలు మాత్రం ఫారంలోనే ఉంటాయి. సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడగడం 2019లో మొదలైంది, మధ్యలో అధ్యక్షుడు మారినా పోలేదు. 2025 జూన్ నుంచి ఖాతాలు తెరిచి ఉంచమంటున్నారు.

మీ అమ్మాయి విషయానికి వస్తే, గత ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ, వాడటం మానేసినవైనా సరే, ఫారంలో రాయించండి. భయపడి ఇంటర్వ్యూకు ముందు రోజు ఖాతాలు మూసేయడం, పోస్టులు తుడిచేయడం లేనిపోని అనుమానాలకు తావిస్తుంది. రసాయన నైపుణ్యం గురించిన ప్రశ్న నా అవగాహనలో ఆయుధాల తరహా ప్రత్యేక శిక్షణ గురించినది, మామూలు బీటెక్ గురించి కాదు; అయితే ప్రమాదకర పదార్థాల మీద ప్రాజెక్టు ఏదైనా చేసి ఉంటే దాచకుండా రెండు వాక్యాల్లో వివరం రాయాలి. తప్పు జవాబు ఇచ్చిందని తేలితే, అది ముఖ్యమైన విషయమైతే, జీవితాంతం వీసాకు అనర్హురాలయ్యే ప్రమాదం ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా లేదని చూసుకోండి. పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (పేరు తెలియదు) అని పడుతుంది, ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దగ్గర నుంచి బ్యాంకు ఖాతా దాకా వెంటాడతాయి. పేర్లు పోల్చి చూసే యంత్రాలకు మన ఇంటిపేర్ల వరస అర్థం కాదు.

ఆమె చదివిన రంగం సాంకేతిక పరిజ్ఞాన తనిఖీ పరిధిలోకి వచ్చే అవకాశం ఉంది గనుక, నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూ బాగా జరిగినా, ఇంకా పరిశీలించాలని చెప్పే 221(జి) చీటీ చేతిలో పెట్టవచ్చు. అప్పుడు వెబ్‌సైటులో "తిరస్కరించబడింది" అని కనిపిస్తుంది. అది చూసి ఇంట్లో ఏడుపులు పెట్టుకోవద్దు, పరిశీలన నడుస్తున్నంతకాలం అలాగే కనిపిస్తుంది. ఇంటర్వ్యూ తేదీని ఎంత వీలైతే అంత ముందుకు తీసుకోండి. విమాన టికెట్టు మాత్రం పాస్‌పోర్టు చేతికి వచ్చాక కొనండి, ఐ-20 మీదున్న చేరిక తేదీని వాయిదా వేయించుకునే వీలుందేమో ఇప్పుడే ఆ విశ్వవిద్యాలయానికి మెయిల్ రాయించి పెట్టండి.